పొరుగువాని పాత్ర ఎవరు వేయాలి?

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి మన చర్చి హాళ్లలో ఎంత సందడి ఉంటుందో పాఠకులకు చెప్పనక్కర్లేదు. గొర్రెల కాపరులకు ఇంట్లోని పాత దుప్పట్లు, తూర్పు దేశపు జ్ఞానులకు అమ్మల పట్టుచీరలు, దేవదూతలకు థర్మాకోల్ రెక్కలు. హేరోదు వేషానికి మీసం బాగా వచ్చిన అన్న ఒకడు ఏటా సిద్ధంగా ఉంటాడు. మరియ పాత్ర కోసం ఇద్దరు ముగ్గురు తల్లులు పాస్టరమ్మ దగ్గరికి వచ్చి కూర్చుని, విషయం చెప్పకుండానే చెప్పి వెళతారు. ఇదంతా మనకు ఇష్టమైన గందరగోళమే.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఆ ఏడు నాటకానికి బట్టలు కుట్టింది కాచిగూడ ప్రాంతంలో చిన్న కొట్టు నడుపుకునే ఒక ముస్లిం దర్జీ. పిల్లల పని అని మజూరీ సగమే తీసుకున్నాడు. ఇంటిల్లిపాదినీ నాటకానికి పిలిచాం. వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు. బేత్లెహేములోని పసిపిల్లలను చంపడానికి హేరోదు సైనికులు వేదిక మీదికి దూకారు. వాళ్ల తలల మీద తెల్ల టోపీలు, భుజాల మీద ఆకుపచ్చ తువ్వాళ్లు. అవి ఆయన కుట్టినవి కావు. మా కుర్రాళ్లే ఆఖరి రోజున బజారుకు వెళ్లి కొనుక్కొచ్చారు. వీళ్లు చెడ్డవాళ్లని చూసేవారికి వెంటనే తెలియాలి కదా, అదీ వాళ్ల ఆలోచన. ఒక్కరి మనసులోనూ ద్వేషం లేదు. మమ్మల్ని ఇప్పటికీ కలవరపెట్టేది అదే. ఆ టోపీలను మేమూ చూశాం, సంఘ పెద్దలూ చూశారు, ఎవరికీ ఏమీ తోచలేదు.

ఆయన చివరిదాకా కూర్చున్నాడు. కేకు ముక్క తీసుకున్నాడు. సలాం చెప్పి వెళ్లాడు. మూడు నెలల తర్వాత మా చొక్కా ఒకటి చేతికిస్తూ మెల్లగా అడిగాడు: “పాస్టర్ సాబ్, ఆ బాద్‌షా సిపాయీలకు టోపీలెందుకు పెట్టించారు? ఆ జమానాలో మేం లేం కదా.”

నిజమే. హేరోదుకూ ఇస్లాముకూ మధ్య ఆరు వందల ఏళ్ల దూరం ఉంది. సెమినరీలో సంఘ చరిత్ర చదువుకున్న మాకు ఆ లెక్క తెలియక కాదు. ఆ రోజు ఆయనకు ఏం చెప్పాలో తెలియక డబ్బులిచ్చి వచ్చేశాం. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా వెతుక్కుంటున్న జవాబు.

ఆ వెతుకులాటలోనే యువజన నాటక మార్పిడి అనే పద్ధతి మా దృష్టికి వచ్చింది. పేరు కొత్తగా ఉన్నా విషయం కష్టమైనది కాదు. వేరు వేరు భాషలకో మతాలకో బస్తీలకో చెందిన రెండు యువజన బృందాలు కొన్ని రోజులపాటు ఒకచోట కలిసి పనిచేస్తాయి. ఒకరి కథ మరొకరు వింటారు. బృందాలను కలిపేసి, అందరూ కలిసి ఒక చిన్న నాటకం తయారుచేస్తారు. దాన్ని ముందు వీళ్ల వాడలో, తర్వాత వాళ్ల వాడలో ఆడతారు. ఆట అయ్యాక చూసినవారితో కూర్చుని మాట్లాడతారు. పోటీ ఉండదు, బహుమతి ఉండదు, ముఖ్య అతిథికి శాలువా ఉండదు. ఐరోపాలో దీనికి ప్రభుత్వాల ఊతం ఉంది. ఎరాస్మస్ ప్లస్ పథకం కింద 13 నుంచి 30 ఏళ్ల వయసు వారికి 5 నుంచి 21 రోజుల యువజన మార్పిడి శిబిరాలకు డబ్బిస్తారు. నాటకం అందులో ఎక్కువగా వాడే సాధనాల్లో ఒకటి. చదువు, డబ్బు, ఆరోగ్యం విషయంలో వెనకబడిన పిల్లలను కలుపుకోవడం ఆ పథకానికి ముఖ్యమైన లక్ష్యం.

మన దేశానికీ ఇది కొత్త కాదు. 2015 చివర్లో పాలస్తీనాలోని జెనీన్ శరణార్థి శిబిరంలో పనిచేసే ఫ్రీడమ్ థియేటర్ విద్యార్థులు ఢిల్లీ వచ్చి, జన నాట్య మంచ్ కళాకారులతో కలిసి ఒక నాటకం తయారుచేశారు. ఆ తర్వాత దాన్ని దేశంలోని పలు నగరాల్లో ఆడారు. సముద్రాలు దాటి వచ్చినవారి సంగతి అది. మా ఆలోచన అంత దూరం పోవడం లేదు. మనకు కాచిగూడ నుంచి నాంపల్లి దాకా నడిస్తే చాలు.

నడిచి చూడండి. 1916లో నిజాం రైల్వే కట్టిన కాచిగూడ స్టేషన్ దగ్గర బయలుదేరితే, ఆ పేటలోనే కర్ణాటక సాహిత్య మందిరం, కన్నడిగుల నృపతుంగ విద్యాసంస్థ కనిపిస్తాయి. సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. జాంబాగ్ వైపు మరాఠీలు నెలకొల్పిన వివేకవర్ధిని. మార్వాడీ, గుజరాతీ దుకాణాల మధ్య నుంచి ఆబిడ్స్ చేరితే సెయింట్ జార్జి చర్చి, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కతీడ్రల్. నాంపల్లిలో హిందీ ప్రచార సభ, తెలుగు విశ్వవిద్యాలయం, యూసుఫైన్ దర్గా. రెండు మూడు కిలోమీటర్ల మేరలో కనీసం ఆరు భాషలు, నాలుగు మతాలు. జనవరిలో నుమాయిష్ మొదలైతే వీళ్లంతా ఒకే గేటు నుంచి లోపలికి వెళ్లి, ఒకే చోట మిర్చి బజ్జీలు తిని, ఎవరి ఇంటికి వారు వెళతారు. ఒకరి ఇంట్లోకి మరొకరు వెళ్లిన సందర్భాలు ఎన్ని? మన యూత్ ఫెలోషిప్ పిల్లలను ఈ మాట అడిగి చూడండి. కాలేజీలో పక్క బెంచీ స్నేహితుడి పేరు చెబుతారు, క్రికెట్ గురించి చెబుతారు. వాళ్లింట్లో రంజాను నెలలో ఏం జరుగుతుందో, వాళ్ల తాత ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పగలిగినవారు తక్కువ.

ఈ నడక దారిలోనే మన అంశానికి నేరుగా సంబంధించిన రెండు చోట్లున్నాయి.

మొదటిది గోల్డెన్ థ్రెషోల్డ్. నిజాం కాలేజీ మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథ చటోపాధ్యాయ ఉన్న ఇల్లు, సరోజినీ నాయుడు ఇల్లు. ఆమె 1905లో తెచ్చిన తొలి కవితా సంపుటి పేరే ఇంటికి నిలిచింది. బెంగాలీ బ్రహ్మసమాజ కుటుంబం, ఆమె భర్త తెలుగువారు, ఇంటికి వచ్చిపోయేవారిలో ఉర్దూ కవులు, నవాబులు, ఆంగ్లేయులు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ ఆవరణలోనే మొదలైంది. నాటకం, నృత్యం నేర్పే సరోజినీ నాయుడు స్కూల్ చాలాకాలం ఇక్కడే నడిచి, ఆ తర్వాత గచ్చిబౌలికి వెళ్లింది. అటుపైన విశ్వవిద్యాలయం వారి థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ ఇదే ఇంటిని కేంద్రంగా చేసుకుని, కాలేజీ కుర్రాళ్లకూ బడి పిల్లలకూ నాటక శిక్షణ ఇచ్చింది. ఆబిడ్స్ నడిబొడ్డున, మన చర్చిలకు కూతవేటు దూరంలో ఇంత జరిగింది. మన యూత్ లీడర్లలో ఎందరు ఆ గేటు దాటారో మాకు అనుమానమే. మేమూ ఆలస్యంగానే దాటాం.

రెండోది చిరాగ్ అలీ లేన్. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ చాలా ఏళ్లు ఆ సందులోనే ఉండేది. తర్వాత శివరాంపల్లికి మారింది. కొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించిన మిషనరీ పేరు మీద 1930లో లాహోరులో పెట్టిన సంస్థ ఇది. ముస్లింల మధ్య సువార్త పని చేసేవారికి ఇస్లాం గురించి నేర్పడం అప్పటి ఉద్దేశం. లాహోరు నుంచి పలు ఊళ్లు తిరిగి 1970ల మొదట్లో హైదరాబాద్ చేరింది. 1990 డిసెంబరులో ఈ నగరంలో అల్లర్లు చెలరేగి వందకు పైగా ప్రాణాలు పోయినప్పుడు, పుస్తకాల మధ్య కూర్చున్న ఈ సంస్థవారు పాతనగరంలోకి వెళ్లారు. మొదట సహాయం, ఆ తర్వాత సుల్తాన్ షాహీలో హిందూ ముస్లిం కుటుంబాలు రెండూ వచ్చే అమన్ శాంతి కేంద్రం. సంస్థ పని తీరే మారింది. ఇస్లాం గురించి మాట్లాడడం ఒకటి, ముస్లింలతో మాట్లాడడం మరొకటి అని క్రైస్తవులమైన మనకు ఈ నగరంలో ముందుగా చూపించినవారు వాళ్లు.

మాట్లాడడానికి నాటకమే ఎందుకు? సభ పెట్టొచ్చు, ముగ్గురు పెద్దలను మూడు మతాల నుంచి పిలిచి మూడు ప్రసంగాలు చేయించొచ్చు. అలాంటి సభల్లో మేమూ చాలాసార్లు కూర్చున్నాం. అన్ని మతాలూ మంచినే చెబుతాయని అందరూ చెబుతారు, చాయ్ తాగుతారు, ఫొటో దిగుతారు. అందులో తప్పేమీ లేదు గానీ, దర్జీ అడిగిన ప్రశ్న అక్కడ ఎవరూ అడగరు. నాటకం పని వేరుగా ఉంటుంది. దావీదు పాపాన్ని నాతాను నేరుగా ఎత్తి చూపలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. కథలోని ధనవంతుడి మీద రాజుకు కోపం రగిలాకే ఆ మనిషి ఎవరో చెప్పాడు. యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేము పటం గీసి, దానికి ముట్టడి వేసి, జనం చూస్తుండగా నెలల తరబడి పక్కమీద పడుకున్నాడు. ప్రవక్తలకు ఈ విద్య తెలుసు.

బ్రెజిల్ దేశస్థుడు అగస్తో బోల్ గత శతాబ్దంలో దీనికి ఒక పద్ధతి ఏర్పరిచాడు. సైనిక ప్రభుత్వం ఆయన్ని 1971లో జైల్లో పెట్టి, ఆ తర్వాత దేశం విడిచి పోయేలా చేసింది. ఆయన ఫోరం థియేటర్‌లో ఒక అన్యాయం జరిగే దృశ్యాన్ని మొదట పూర్తిగా ఆడతారు. రెండోసారి ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా ‘ఆగండి’ అని లేచి, బాధపడుతున్న పాత్ర స్థానంలో తామే నిలబడి, వేరే ఏం చేయవచ్చో చేసి చూపిస్తారు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన జన సంస్కృతి అనే బృందం పల్లెల్లో ఈ పని చేస్తోంది. వరకట్నం, భార్యను కొట్టడం, కూలి ఎగ్గొట్టడం లాంటివి వాళ్ల విషయాలు. ఒకసారి అద్దె ఇంటి దృశ్యాన్ని ఊహించండి. ఇల్లు ఖాళీగా ఉంది, బోర్డు వేలాడుతోంది, పేరు చెప్పగానే యజమాని ముఖం మారుతుంది. మన నగరంలో ముస్లిం కుర్రవాడికి జరిగేది ఇది. దళిత క్రైస్తవ కుటుంబానికీ ఇదే జరుగుతుంది. అక్కడ అడిగేది ‘మీరేం తింటారు’ అని. ఇద్దరినీ ఒకే దృశ్యంలో ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టండి. ఆ హాల్లో జరిగే చర్చ ఏ ప్రసంగంతోనూ రాదు.

ఇంతవరకు మంచే చెప్పాం. నాటకం విషం కూడా కాగలదు. దీనికి సాక్ష్యం మన క్రైస్తవ లోకంలోనే ఉంది.

జర్మనీలో ఒబెరమ్మెర్‌గావ్ అనే కొండ పల్లె ఉంది. 1633లో తెగులు పట్టినప్పుడు, తమను కాపాడితే పదేళ్లకోసారి క్రీస్తు శ్రమల నాటకం ఆడతామని ఊరివారు దేవునికి మొక్కుకున్నారు. 1634లో మొదలుపెట్టి ఇప్పటికీ ఆడుతున్నారు. ఊళ్లో పుట్టినవారికో, చాలా ఏళ్లుగా అక్కడే ఉంటున్నవారికో తప్ప పాత్ర దొరకదు. ఎంత భక్తి, ఎంత క్రమశిక్షణ! కానీ ఆ నాటకంలో యూదులు తరతరాలుగా క్రూరులుగా, కొమ్ముల్లాంటి టోపీలు పెట్టుకున్న రాక్షసుల్లా కనిపించారు. మూడు వందల ఏళ్ల ఉత్సవం జరిగిన 1934లో హిట్లరు వచ్చి చూసి వెళ్లాడు. అతనికి ఆ నాటకం నచ్చింది. ఎందుకు నచ్చిందో మన పాఠకులకు వివరించనక్కర్లేదు. ఆ నాటకం ఆడినవారు ఆదివారం ఆరాధన తప్పనివారే. మా కుర్రాళ్ల తెల్ల టోపీలు గుర్తొచ్చినప్పుడల్లా మాకు ఈ పల్లె గుర్తొస్తుంది.

ఆ తర్వాతి కథ కూడా తెలుసుకోవాలి. యుద్ధం అయ్యాక యూదు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఊరు దశాబ్దాలపాటు మొండికేసింది. 1990లో క్రిస్టియాన్ స్టూకెల్ అనే యువకుడు దర్శకత్వం చేపట్టాడు. యూదు పండితులను కూర్చోబెట్టుకుని నాటకాన్ని మార్చడం మొదలుపెట్టాడు. యేసు కూడా యూదుడే అన్న సంగతి వేదిక మీద కనిపించసాగింది. ఆయన నోట హెబ్రీ ప్రార్థన వినిపించింది. నటులను ఇశ్రాయేలు దేశానికి తీసుకువెళ్లాడు. పెళ్లయిన స్త్రీలకు, 35 ఏళ్లు దాటిన స్త్రీలకు పాత్రలివ్వని పాత నియమం కూడా ఆ 1990లోనే కోర్టు తీర్పుతో పోయింది. 2020లో జరగాల్సిన ఆట కరోనా వల్ల 2022కు వాయిదా పడింది. ఆ ఏడు సహాయ దర్శకుడు అబ్దుల్లా కరాజా, యూదా ఇస్కరియోతు పాత్రధారి చెంగిజ్ గోరూర్, ఇద్దరూ టర్కీ మూలాలున్న ముస్లిం కుటుంబాల నుంచి వచ్చినవారు. దాదాపు నాలుగు వందల ఏళ్ల మొక్కు విడవలేదు, సిలువ కథ మారలేదు. పొరుగువాడు ఎలా కనిపించాలన్నది మాత్రం పొరుగువాడిని అడిగి తెలుసుకున్నారు. దానికి వాళ్లకు చాలా కాలం పట్టింది.

మన దగ్గర దీనికి భిన్నమైన, సంతోషకరమైన అనుభవం ఒకటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం సంగతి తెలియని తెలుగువారుండరు. ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లోనే ఇంటి ఆడవాళ్లను వేదిక ఎక్కించిన కుటుంబాలు అవి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో వాళ్ల మాయాబజార్ చూడని పాత హైదరాబాదీలు తక్కువ. 1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వీళ్లతో శిబిరం నడిపారు. జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడించారు. భూమ్మీద ఒక్క మంచి మనిషైనా ఉన్నాడా అని దేవతలు వెతుక్కుంటూ వస్తే, అందరూ తలుపులు వేసుకోగా, వాళ్లకు ఆశ్రయమిచ్చేది ఒక వేశ్య. యెహోషువ గ్రంథంలో రాహాబును ఎరిగిన మనకు ఆ మలుపు కొత్త కాదు. జర్మన్ కథ, కన్నడ దర్శకుడు, తెలుగు పౌరాణిక నటులు. ఎవరి విద్య వారిది, ఎవరూ తమది వదులుకోలేదు.

అలాగే 1978 నాటి ‘కరుణామయుడు’. పల్లెల్లో తెర కట్టి చూపించిన ఆ సినిమా వల్ల ఎన్ని సంఘాలు బలపడ్డాయో మన పెద్దలు చెబుతారు. అందులో యేసుగా నటించిన విజయచందర్ హిందూ కుటుంబంలో పుట్టినవారు. తర్వాత షిర్డీ సాయిబాబా పాత్ర కూడా వేశారు. మనం ఆ మొదటి దానికి కృతజ్ఞతతో ఉంటాం, రెండో దాని గురించి మాట్లాడం. మాట్లాడితే మంచిది.

ఇక సంఘాల నుంచి వచ్చే అభ్యంతరాలు. మేము ఈ మాట ఎత్తినప్పుడల్లా మూడు వినిపిస్తాయి. మూడూ తేలిగ్గా తీసిపారేయదగినవి కావు.

నాటకం లోకసంబంధమైనది, విశ్వాసులకు తగదు అనేది మొదటిది. పాత విశ్వాసుల ఇళ్లలో ఈ మాట గట్టిగా ఉంది. అది గౌరవించదగిన మాట కూడా. దాదాపు 200వ సంవత్సరంలోనే తెర్తుల్లియన్ రోమా వినోద ప్రదర్శనల మీద ఒక గ్రంథమే రాశాడు. రక్తపాతమూ విగ్రహారాధనా కలిసిన ప్రదర్శనలవి. ఆయన కోపం న్యాయమైనది. అదే సంఘం పదో శతాబ్దానికి ఈస్టరు ఆరాధనలో సమాధి దగ్గరికి వచ్చిన స్త్రీలనూ దేవదూతనూ పాత్రలుగా నిలబెట్టింది. ఐరోపా నాటకం మళ్లీ పుట్టింది ఆ బలిపీఠం దగ్గరే. ఇంత చెప్పినా ఒప్పుకోని తల్లిదండ్రులుంటే, వారి పిల్లలను బలవంతపెట్టొద్దు.

రెండోది, ఇది రాజీ పడడం కాదా? మన సాక్ష్యం ఏమవుతుంది? పేతురు తన మొదటి పత్రికలో, మన నిరీక్షణకు కారణం అడిగిన వారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ సాత్వికంగా. ముందు వాళ్లు అడగాలి కదా. అడిగేంత దగ్గరగా మనం ఎప్పుడు కూర్చున్నాం? రిహార్సల్ జాగాలో కరపత్రాలు పంచకూడదు. ఎవరైనా అడిగితే తన విశ్వాసాన్ని దాచకూడదు. ఈ రెండూ అవతలివారికీ వర్తిస్తాయి. ఈ ఒప్పందం కాగితం మీద రాసుకుని మొదలుపెట్టాలి.

మూడోది వాళ్ల వైపు నుంచి వచ్చేది: ఇది మత మార్పిడికి దొంగదారి కాదా? ఈ అనుమానం ఈ రోజుల్లో ఎంత బరువైనదో మన సంఘాలకు బాగా తెలుసు. మాటలతో అది పోదు. అందుకే మొదటి ఆట మన హాల్లో పెట్టొద్దంటాం. మొదటి కథ మన కథ కావొద్దంటాం. క్రిస్మస్ నాటకానికి ముస్లిం పిల్లలను పిలిచి వేషాలిస్తే అదే ఐక్యత అనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. ఈసా నబీ వారికి ప్రవక్త, ప్రవక్తలను మనిషి వేషం కట్టి చూపడం వాళ్లలో చాలామందికి అభ్యంతరం. మనం ప్రేమతో ఇచ్చిన పాత్ర ఆ పిల్లవాడిని ఇంట్లో ఇరకాటంలో పెడుతుంది. అడిగి తెలుసుకోవాల్సిన సంగతులంటే ఇవే.

కలుపుకోవడం అన్నది బయటివారితోనే అనుకుంటే మళ్లీ పొరబడతాం. మన సొంత క్రిస్మస్ నాటకంలో మరియ ఎప్పుడూ తెల్లని పిల్లే ఎందుకవుతుంది? ఇంగ్లీషు మీడియం పిల్లలకు మాటలున్న పాత్రలు, వాచ్‌మన్ పిల్లలకు గొర్రెలు, ఒంటెలు. చెవులు వినపడని అబ్బాయికి నక్షత్రం పట్టుకునే పని. మన సంఘాల్లో చాలా కుటుంబాల మూలాలున్న వాడల్లో ఒకప్పుడు చిందు భాగవతులు వచ్చి రాత్రంతా యక్షగానం ఆడేవారు. చిందు ఎల్లమ్మ మగ వేషాలు కట్టి మెప్పించిన మహానటి. సువార్త వచ్చాక ఆ కళను మనం పూర్తిగా వదిలేశాం. విగ్రహాల కథలని వదిలాం, అందులో కొంత నిజముంది. దాంతోపాటు మన తాతల గొంతు, దరువు, నిలబడే తీరు కూడా పోయాయి. బదులుగా తెచ్చుకున్నది ఇంగ్లీషు స్కిట్. మార్పిడి అంటే ముందు మన ఇంటి అటకమీద ఏముందో దించి చూసుకోవాలి. అవతలి బృందం ‘మీది ఏమిటి’ అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆసక్తి ఉన్న సంఘాల కోసం పని వివరాలు కొన్ని. ఒక్కో వైపు నుంచి పది పన్నెండు మంది చాలు. ఆడపిల్లలు సగం ఉండాలి. నడిపేవారిలో కనీసం ఒక స్త్రీ ఉండాలి, రెండు వైపుల నుంచీ. తల్లిదండ్రులతో ఫోన్లో కాదు, ఇంటికి వెళ్లి మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. పిల్లల ఫొటోలు అడగకుండా వాట్సాప్‌లోగానీ ఇంకెక్కడైనాగానీ పెట్టకూడదు. ఒక అమ్మాయి ఫొటో తప్పు చేతుల్లో పడితే మొత్తం ప్రయత్నం ముగిసినట్లే. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం రిహార్సల్ వద్దు. ఇంటర్ పరీక్షల కాలమూ, రంజాను నెలా, క్రిస్మస్ ముందు రోజులూ వద్దు. భోజనం విషయంలో పెద్ద వేదాంతం అవసరం లేదు, అందరూ తినగలిగే పప్పు, కూర, పెరుగు పెట్టండి. చివరి రోజు ఎవరింటి వంట వారు తెచ్చుకుంటామంటే అది వాళ్లే తేల్చుకుంటారు. భాష గురించి చింత వద్దు, ఈ ప్రాంతపు పిల్లలందరికీ కొద్దో గొప్పో దక్కనీ వచ్చు. మొదటి రెండు రోజులు మాటలే లేకుండా శరీరాలతో బొమ్మలు కట్టే ఆటలు ఆడిస్తారు, అవి నేర్పే శిక్షకులు మన నగరంలోనే దొరుకుతారు. శిక్షకుడికి మాత్రం సరైన పారితోషికం ఇవ్వండి. ‘పరిచర్య’ పేరుతో ఊరికే చేయించుకునే అలవాటు మనకుంది.

ఎఫెసు సంగతి కూడా మరిచిపోవద్దు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో జనం నాటకశాలలోకి దొమ్మిగా చొరబడి రెండు గంటలపాటు కేకలు వేశారు. ఎందుకు కూడామో చాలామందికి తెలియదని లూకా రాశాడు. మాట్లాడబోయిన అలెక్సంద్రు యూదుడని తెలియగానే అతని నోరు మూయించారు. చర్చ సమయంలో ఇలాంటిది జరగొచ్చు. వీధిలో ఆడితే మరీ. అందుకే చర్చను నడిపేవారు అనుభవం ఉన్నవారై ఉండాలి. రెండు వాడల పెద్దలు ముందు వరసలో కూర్చుని ఉండాలి.

ఏ కథ ఎంచుకోవాలి అని అడిగేవారికి మా సలహా ఒకటి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరాన్ని ముంచెత్తింది. వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది, కోఠీ నుంచి నడిచి వెళ్లి చూడొచ్చు. ఆ రోజు ఆ కొమ్మల మీద ఎవరెవరు పక్కపక్కన కూర్చున్నారో, పైవాడు కిందివాడికి చెయ్యిచ్చే ముందు పేరడిగాడో లేదో మనకు తెలియదు. రెండు వాడల నుంచి పాతికమంది పిల్లలను ఒక్కటిగా నిలబెట్టి ఆ చెట్టును కట్టమనండి. కింద నీరు పెరుగుతోంది. ఇంకొక మనిషి ఈదుకుంటూ వస్తున్నాడు, కొమ్మ వంగుతోంది. ఆ మనిషి ఏ భాషలో కేక వేస్తాడన్నది పిల్లలే నిర్ణయిస్తారు.